మారేడుమిల్లి అడవికి వెళ్ళే ముందు: నాలుగు రోజుల ప్లాను, నేను చేసిన మూడు తప్పులు

ఆయ్, మళ్ళీ మలికిపురం నుంచే మాట్లాడుతున్నాను. వెనకాల శబ్దం వినిపిస్తే ఏమనుకోకండి, పక్కింట్లో కొబ్బరికాయలు దింపిస్తున్నారు.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, అమెజాన్ లాంటి అడవిలో నడవాలి, అక్కడి గిరిజనుల ఊళ్ళు చూడాలి, ప్లాన్ చెప్పు" అని. కూర్చుని లెక్క వేశాను. విమానం టికెట్లు, వీసా, పసుపు జ్వరం టీకా, గైడు, అన్నీ కలిపితే మన బడ్జెట్‌కి అది కలలోనే. అప్పుడు అనిపించింది, మన ఇంటి ముందు పారే గోదావరి వెంట వెనక్కి వెళితే అడవే కదా వస్తుంది! మలికిపురం నుంచి రాజోలు, రావులపాలెం మీదుగా రాజమండ్రి. అక్కడి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం దాటితే మారేడుమిల్లి. దగ్గర దగ్గర 160, 170 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అక్టోబర్‌లో, ఏ ప్లానూ లేకుండా, నలుగురు ఫ్రెండ్స్‌తో. మూడు తప్పులు చేశాను. ఒకటి ప్రాణం మీదకి వచ్చింది, ఒకటి మంచం ఎక్కించింది, ఇంకొకటి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. రెండోసారి జనవరిలో, ఆ మూడూ దిద్దుకుని వెళ్ళాను. ఈ ఎపిసోడ్‌లో ప్లానూ, తప్పులూ రెండూ చెబుతాను.

అసలు అది ఏ రకం అడవి?

ముందు ఒక మాట సరిచేసుకుందాం. యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ చూస్తే "ఆంధ్రా రెయిన్ ఫారెస్ట్" అని ఉంటుంది. రెయిన్ ఫారెస్ట్ అంటే దాదాపు ఏడాది పొడుగునా వాన పడే చోట, ఆకు రాలని అడవి. మన దేశంలో అవి పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, అండమాన్‌లో ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో వాన ప్రధానంగా జూన్ నుంచి అక్టోబర్ దాకా. అందుకే ఇక్కడ ఎక్కువ చెట్లు ఎండాకాలంలో ఆకు రాలుస్తాయి. వాగుల పక్కన, లోయల్లో తేమ నిలిచే చోట మాత్రం ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లు కనిపిస్తాయి. పెద్ద పెద్ద తీగలు, వెదురు పొదలు, పైన కొమ్మల్లో గోల చేసే పెద్ద ముక్కు హార్న్‌బిల్ పక్షులు, ఇవన్నీ అక్కడే.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీ ప్లాను మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే వాగులు సన్నబడిపోతాయి, కొండలు ఎండిపోయి ఉంటాయి, వీడియోలో చూసిందీ కళ్ళ ముందున్నదీ వేరుగా ఉంటాయి. జులై నుంచి సెప్టెంబర్ దాకా పచ్చదనం బాగుంటుంది, ప్రమాదం కూడా అంతే ఎక్కువ. అక్టోబర్‌లో తుఫాన్ల భయం. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడవడానికి మంచి కాలం. పొద్దున పూట మంచు, చలి ఉంటాయి. కోనసీమ వాళ్ళం కదా, చలంటే మనకి తెలీదు, స్వెటర్ తప్పకుండా పెట్టుకోండి.

పాపికొండల చుట్టూ ఉన్న అడవిని 2008లో జాతీయ పార్కుగా ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైనే. అంటే ఎక్కడ పడితే అక్కడ బండి దిగి లోపలికి నడిచే చోటు కాదు. అటవీశాఖ అనుమతించిన దారులు, టిక్కెట్లు, సమయాలు ఉంటాయి. ఆ నియమాలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోవడం మొదటి పని.

వెళ్ళే చోట ఎవరుంటారు?

ఆ కొండల్లో కొండరెడ్లు, కోయలు, కొండదొరలు, వాల్మీకులు, ఇంకా వేరే తెగల వాళ్ళు ఉంటారు. కొండరెడ్లని ప్రభుత్వం ప్రత్యేకంగా వెనుకబడిన ఆదిమ తెగల జాబితాలో పెట్టింది. వాళ్ళ భాష తెలుగే. మన యాసకి కొంచెం వేరుగా ఉంటుంది, అంతే. కోయలకి సొంత భాష ఉంది, మనతో మాత్రం తెలుగులో మాట్లాడతారు. కాబట్టి "భాష తెలీని జనం మధ్యకి వెళుతున్నాం" అని ఊహించుకోకండి. అన్నా, అక్కా అంటే సరిపోతుంది.

చరిత్ర కూడా రెండు ముక్కలు తెలుసుకుని వెళ్ళండి. 1879లో అక్కడ రంప తిరుగుబాటు జరిగింది. దానికి ఒక ముఖ్య కారణం కల్లు మీద వేసిన పన్ను. చిగురుపన్ను అనేవాళ్ళు. తమ చెట్టు నుంచి తాము గీసుకునే కల్లుకి పన్నేంటని తిరగబడ్డారు. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడు కొట్టడానికీ అడవిలో తిరగడానికీ అడ్డంకులు మొదలయ్యాయి. గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించారు. ఆ కడుపుమంటే 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నిలబడింది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడులు. 1924 మే 7న ఆయన్ని కాల్చి చంపారు.

ఇది ఎందుకంటే, మనం "సీనరీ" అని ఫొటో తీసుకునే ఘాట్ రోడ్డు వాళ్ళకి సీనరీ కాదు. బయటి నుంచి వచ్చిన వాళ్ళు ఏదో ఒకటి తీసుకుపోవడం అక్కడ పాత కథ. మనం ఆ కథలో ఇంకో పేజీ అవ్వకూడదు, అంతే.

ఇంకో కామెంట్ కూడా తరచూ వస్తుంది. "అన్నా, అక్కడ ఎకరం కొని రిసార్ట్ వేద్దాం" అని. కుదరదండి. అది షెడ్యూల్డ్ ఏరియా. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనడానికి లేదు. ఆ చట్టం ఉండబట్టే ఆ కొండలు ఇంకా వాళ్ళ చేతుల్లో ఈ మాత్రమైనా ఉన్నాయి.

తప్పు ఒకటి: వాగులో కూర్చోవడం

మొదటిసారి వెళ్ళినప్పుడు మారేడుమిల్లి దాటాక రోడ్డు పక్కన ఒక వాగు కనిపించింది. బోర్డు లేదు, జనం లేరు, నీళ్ళు మోకాళ్ళ దాకా, అద్దంలా ఉన్నాయి. పైన ఎండ. నలుగురం మధ్యలో ఉన్న బండ మీద కూర్చున్నాం. ఒడ్డున మేకలు కాసుకునే పెద్దాయన కేకలు వేస్తున్నాడు. మేము చెయ్యి ఊపుతున్నాం, పలకరిస్తున్నాడనుకుని! ఆయన తిట్టడం మొదలుపెట్టాక గానీ లేవలేదు. ఒడ్డెక్కి వెనక్కి చూసేసరికి నీళ్ళ రంగు మారింది, టీ రంగులోకి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. ఐదు నిమిషాల్లో మేము కూర్చున్న బండ కనిపించలేదు.

ఎండగా ఉంటే నీళ్ళెలా వచ్చాయి? పైన కొండ మీద వాన పడింది. మన కోనసీమలో గోదావరి పెరిగితే ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఇస్తారు, మన దగ్గరికి రావడానికి గంటల టైము ఉంటుంది. అందరం ఏటిగట్టు ఎక్కి చూస్తాం. కొండవాగుకి అలాంటి హెచ్చరిక ఉండదు. నిటారుగా ఉన్న కొండ మీద పడిన వాన మొత్తం ఒక్కసారి సన్నటి దారిలోకి దిగుతుంది. గోదావరి పక్కన పుట్టాను, ఈత వచ్చు అనే ధైర్యం అక్కడ పనికిరాదు. రాళ్ళ మధ్య ఈత కొట్టేదేముంది?

ఇది నా ఒక్కడి కథ కాదు. 2024 సెప్టెంబర్‌లో ఏలూరు నుంచి వచ్చిన వైద్య విద్యార్థులు మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ఉండగా ఒక్కసారిగా నీరు పెరిగింది. ముగ్గురు చనిపోయారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పాపికొండల యాత్ర బోటు మునిగితే దాదాపు యాభై మంది పోయారు. రెండూ సెప్టెంబరే, గమనించండి.

కాబట్టి నా రూల్స్ ఇవి. పైన మబ్బు పట్టినా, ముందు రోజు రాత్రి వాన పడినా వాగులోకి దిగేది లేదు. స్థానికుడు వద్దంటే ఎందుకని అడక్కుండా బయటికి వచ్చెయ్యాలి. నీటి రంగు మారినా, ఆకులు కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సామాన్లు వదిలేసి పైకి. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పక్కన పెట్టుకుని కూర్చోవడం కాదు. వరద ఉన్న రోజుల్లో బోటు వేస్తామని ఎవరన్నా పిలిచినా ఎక్కకండి.

తప్పు రెండు: అడక్కుండా కెమెరా తియ్యడం

రెండో రోజు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఒక చిన్న ఊరు వెళ్ళాం. ఊరి పేరు చెప్పను, కారణం మీకే అర్థమవుతుంది. ఒక ముసలావిడ ఇంటి ముందు కూర్చుని అడ్డాకులు కుడుతోంది. వెలుతురు బాగుంది. అడక్కుండా షూట్ చేశాను, తర్వాత డ్రోన్ లేపాను. పిల్లలు ఇళ్ళలోకి పరిగెత్తారు. నవ్వుకుంటున్నారేమో అనుకున్నాను.

ఆ వీడియో నా ఛానల్‌లో అప్పటికి అన్నిటికంటే ఎక్కువ మంది చూసింది. రెండోసారి జనవరిలో వెళ్ళినప్పుడు మాకు గైడుగా వచ్చిన కుర్రాడిది ఆ ఊరే. ఫోన్‌లో ఆ వీడియో చూపించి అడిగాడు. "అన్నా, మీ అమ్మమ్మ వాకిట్లో కూర్చుంటే నేను అడక్కుండా తీసి, కింద జనం నానా మాటలూ రాస్తుంటే ఊరుకుంటారా?" కామెంట్లు నేనసలు సరిగ్గా చదవలేదు. చదివాను. ఆవిడ బట్టల మీద, ఇంటి మీద జోకులు. మా మలికిపురంలో ఎవడన్నా అలా చేస్తే కర్ర పట్టుకునేవాళ్ళం.

ఆ రాత్రే తీసెయ్యలేదండి, నిజం చెబుతున్నాను. సిగ్నల్ లేదనుకున్నాను, ఇంటికొచ్చాక చూద్దామనుకున్నాను. దాని మీద వచ్చే డబ్బులు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చిన మూడో రోజు తీసేశాను. ఆ మూడు రోజులు ఎందుకు ఆగానో నాకు తెలుసు, అందుకే మీకు చెబుతున్నాను.

అండమాన్‌లో జరావా తెగ వాళ్ళ చేత పర్యాటకుల కోసం డాన్స్ చేయించిన వీడియో 2012లో బయటికొచ్చి ప్రపంచమంతా గొడవైంది. అక్కడ వాళ్ళని ఫొటో తీయడం నేరం. మన మన్యంలో పరిస్థితి అంత వేరు, ఇక్కడి వాళ్ళకి మనతో రోజూ రాకపోకలున్నాయి. కానీ బుద్ధి మాత్రం ఒకటే. మనిషిని చూడటానికి వచ్చామా, మనిషితో మాట్లాడటానికి వచ్చామా అన్నదే తేడా.

ఇప్పుడు నేను పాటించేది ఇదీ. ఊళ్ళోకి స్థానిక గైడు లేకుండా వెళ్ళను. ముందు కూర్చుని మాట్లాడతాను, తర్వాతే కెమెరా అడుగుతాను, వద్దంటే మళ్ళీ అడగను. పిల్లల ముఖాలు తియ్యను. చాక్లెట్లు, పది రూపాయల నోట్లు పంచను. పిల్లలకి అది అలవాటైతే రేపు ప్రతి కారు వెనకా పరిగెడతారు, ఘాట్ రోడ్డు మీద. డ్రోన్ ఇంట్లోనే.

తప్పు మూడు: జ్వరం వస్తే ఊరి పేరు చెప్పకపోవడం

మొదటి ట్రిప్ నుంచి వచ్చిన పదకొండో రోజు జ్వరం. చలి, వణుకు, తలనొప్పి. వైరల్ అనుకుని మాత్రలు వేసుకున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళినా ఏజెన్సీకి వెళ్ళొచ్చానని చెప్పలేదు, ఆయన అడగడానికి ఆయనకేం తెలుసు? నాలుగో రోజు మా అమ్మ "వీడు మొన్న అడవికి వెళ్ళొచ్చాడండీ" అంది. వెంటనే రక్తపరీక్ష. మలేరియా, అందులోనూ ఫాల్సిపారం. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మెదడుకి ఎక్కేదన్నారు.

ఫాల్సిపారం మలేరియా దోమ కుట్టిన వారం, రెండు వారాలకి బయటపడటం మామూలు. అంటే ట్రిప్ అయిపోయి, ఫొటోలు పెట్టేసి, మర్చిపోయాక. కాబట్టి వచ్చిన నెల రోజుల్లో జ్వరం వస్తే మొదటి వాక్యం "డాక్టర్ గారూ, మన్యానికి వెళ్ళొచ్చాను" అనే. వెళ్ళే ముందు కూడా డాక్టర్‌ని అడిగి, ముందు జాగ్రత్త మందు అవసరమో లేదో తెలుసుకోండి. సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా, ప్యాంటు, దోమల మందు, రాత్రి దోమతెర. ఇవి వంద శాతం కాదు, కానీ చాలా తగ్గిస్తాయి. అక్కడి వాళ్ళు ఈ జ్వరంతో ప్రతి ఏడాదీ పోరాడుతున్నారు. మనకి అది ఒక ట్రిప్ ముచ్చట, అంతే తేడా.

ఇప్పుడు నాలుగు రోజుల ప్లాను

సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్ళు చేసిన బుద్ధి కదా, బఫర్ లేకుండా ప్లాన్ వెయ్యను. నాలుగు రోజుల్లో సగం రోజు ఖాళీగా వదిలెయ్యండి. ఏదో ఒకటి ఆలస్యమవుతుంది.

ముందు నెల రోజులు ఒంటిని సిద్ధం చెయ్యాలి. మన కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. చదును నేల మీద పది కిలోమీటర్లు నడిచేవాడు కూడా కొండ ఎక్కితే అరగంటలో కూలబడతాడు. నేను రోజూ ఏటిగట్టు ఎక్కుతూ దిగుతూ నడిచాను, వారానికి రెండుసార్లు సైకిల్ మీద దిండి వంతెన ఎక్కి చించినాడ దాకా వెళ్ళొచ్చాను. ఆఖరి వారం బ్యాగులో ఐదు కిలోల బరువు పెట్టుకుని నడిచాను.

మొదటి రోజు: పొద్దున ఐదుకి బయల్దేరండి. రంపచోడవరంలో ఆగి పెట్రోలు నింపుకుని, డబ్బులు నోట్ల రూపంలో తీసుకోండి. లోపల ఫోన్ పే మీద ఆశలు పెట్టుకోవద్దు. అక్కడే ఏరియా ఆసుపత్రి ఉంది, ఎక్కడుందో చూసి పెట్టుకోండి. మధ్యాహ్నం మారేడుమిల్లి. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి. సాయంత్రం బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూసి నిప్పుల మీద కాలుస్తారు, నూనె ఉండదు. మూతి ఊడగానే వచ్చే వాసన, దాన్ని మాటల్లో చెప్పడం నా వల్ల కాదు. జీలుగు కల్లు ఎవరైనా ఇస్తారు. తాగితే మాత్రం తర్వాత బండి ముట్టుకోవద్దు.

రెండో రోజు: గైడుతో అడవి నడక. వన సంరక్షణ సమితి వాళ్ళు ఉంటే వాళ్ళ ద్వారానే గైడుని తీసుకోండి, ఆ డబ్బు ఊరికి చేరుతుంది. ఏ చెట్టు దేనికి వాడతారో వాళ్ళు చెబుతుంటే రెండు గంటల నడక నాలుగు గంటలవుతుంది. మా గైడు ఒక కిలోమీటరు దూరంలో పదిహేను రకాల మొక్కల పేర్లు చెప్పాడు. బీటెక్ చదివిన నాకు అందులో తెలిసింది చింతచెట్టు ఒక్కటే.

మూడో రోజు: తెల్లవారుజామున జీపులో గుడిస. నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆఖరి భాగం మన కార్లు ఎక్కవు. పైన గడ్డి మైదానాలు, కింద మబ్బులు. సినిమాలు వచ్చాక జనం పెరిగారు, జనంతో పాటు ప్లాస్టిక్ కూడా. మేం వెళ్ళిన రోజు ఒక గోనెసంచి తీసుకెళ్ళి, అరగంటలో నింపేశాం. మీ చెత్త మీరే కిందకి తెచ్చుకోండి. అంతకుమించి ఒక్క సీసా తెచ్చినా చాలు.

నాలుగో రోజు: పొద్దున సంత ఉంటే సంతకి, లేకపోతే గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనె, కొండచీపుర్లు, చింతపండు కొనుక్కుని తిరుగు ప్రయాణం. బేరం ఆడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఆ చీపురు పుల్ల కోసి, ఎండబెట్టి, నెత్తి మీద మోసుకొచ్చిన మనిషి ముందు పది రూపాయలకి గొడవ పడొద్దు. చీకటి పడక ముందే ఘాట్ దిగిపోవాలి. చింతూరు వైపు ఘాట్ అయితే మరీ మలుపులు, కొత్త వాళ్ళు రాత్రి అసలు నడపకండి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. రెండోసారి ఐదుగురం వెళ్ళాం. కారు డీజిల్, బస, తిండి, జీపు, గైడు కలిపి మనిషికి ఆరు వేల చిల్లర అయింది. అందులో గైడుకి ఇచ్చినదే అన్నిటికంటే విలువైన ఖర్చు.

చివరగా ఒక మాట

వీడియో తీసేశానని ఆ గైడు కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "సరే అన్నా, ఈసారి వస్తే మామ్మకి చూపించి పెడుదురుగానీ" అన్నాడు. అంతే. కోప్పడలేదు, మెచ్చుకోలేదు. ఈ వేసవి అయిపోయాక మళ్ళీ వెళతాను. ఆవిడ ఒప్పుకుంటే అడ్డాకు విస్తరి ఎలా కుడతారో ఆవిడ చేతనే చెప్పిస్తాను. ఒప్పుకోకపోతే ఆ ఎపిసోడ్ ఉండదు.

పాపికొండల మధ్య నుంచి వచ్చే నీళ్ళే ధవళేశ్వరం దాటి, వశిష్ఠగా, వైనతేయగా మన రాజోలు దీవి చుట్టూ పారుతున్నాయి. మన కొబ్బరిచెట్టుకి నీళ్ళు పంపుతున్న అడవి అది. చుట్టాలింటికి వెళ్ళినట్టు వెళ్ళండి, చుట్టంలా నడుచుకోండి.

ప్రశ్నలుంటే కామెంట్లో అడగండి. మీరు వెళ్ళొచ్చి ఉంటే మీ తప్పులు కూడా రాయండి, ఇంకొకడికి పనికొస్తాయి. ఉంటానండి మరి, ఆయ్!